ఆకు మీద మచ్చ, రబ్బరు మీద పగులు

పన్నెండేండ్ల కింద మా దిక్కు ఒక ఊర్ల రాత్రిపూట ఘాటు వాసన వచ్చేది. పొద్దుగాల లేచి చూస్తే పెసర చేన్ల ఆకులు మాడినట్టు కనవడేవి. ముసలోళ్లకు దగ్గు, పిల్లలకు కండ్ల మంట. పక్కనే ఒక కంపెని ఉండె. పేరు రాస్త లేను, ఇయ్యాల్టి ముచ్చట దాని గురించి కాదు. ముప్పై మందిమి అర్జీ పట్టుకొని ఆఫీసుకు పోయినం. నేనే ముందట నిలవడ్డ, నేనే గట్టిగ మాట్లాడిన. అక్కడి సారు మమ్ముల కూసోబెట్టి, నీళ్లిచ్చి, ఒక్కటే అడిగిండు, రుజువు ఏదని. వాసన వస్తుందని చెప్పినం. ఆకు చూపెడితే తెగులు కావచ్చన్నడు. వారం తర్వాత మిషన్ పట్టుకొని పట్టపగలు వచ్చిన్రు, గాలి మంచిగనే ఉందని రాసుకొని పోయిన్రు. ఫైలు మూతవడ్డది.

గా దినం నాకు మస్తు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంల సగం నా మీదనే ఉండాల్సింది. వాసన ఏ తారీఖున వచ్చింది, ఎన్ని గంటలకు మొదలైంది, గాలి ఏ దిక్కు నుంచి కొట్టింది, ఏ చేన్ల ఏ ఆకు పైభాగం మాడింది, ఏది కిందిభాగం మాడింది, ఒక్క ముక్క మేం రాసిపెట్టుకోలె. నినాదాలు మాత్రం మంచిగ రాసుకున్నం.

గా ఓటమి తర్వాతనే గాలి గురించి చదువుడు మొదలువెట్టిన. నేను ఇంటర్ కాడ ఆగినోణ్ణి. లైబ్రరీల పాత పుస్తకాలు, ఫోన్ల దొరికిన వ్యాసాలు, పక్కన మా కొడుకు సైన్సు పుస్తకం. తెల్వని మాట వచ్చిన కాడల్ల ఆగుకుంట, వెనుకకు పోయి చూసుకుంట చదివిన. గట్ల చదువుతాంటే ఒక మనిషి తగిలిండు. పేరు ఆరీ హాగెన్‌స్మిట్. చచ్చిపోయి యాభై ఏండ్లకు దగ్గరకొచ్చింది. మన బడి పుస్తకాలల్ల ఆయన పేరు నాకు ఎన్నడు కనవడలె. కాని ఎండకు, పెట్రోల్ పొగకు ఉన్న సంబంధం పట్టుకున్నది ఆయననే. ఆయన చేతిల ఉన్న మొదటి రుజువులు ఏందో చదివినప్పుడు నేను పుస్తకం మూసి జరసేపు బయట కూసున్న. అవి ఆకు మీద మచ్చలు, రబ్బరు మీద పగుళ్లు. మా పెసర చేన్ల ఆకులు యాదికొచ్చినయి.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఆయన కథ మీకు చెప్పాలని శానా దినాల సంది అనుకుంటున్న.

హాగెన్‌స్మిట్ 1900 డిసెంబర్ 22న నెదర్లాండ్స్ దేశంల యూట్రెక్ట్ అనే పట్నంల పుట్టిండు. నాయిన అక్కడి టంకశాలల కెమిస్టు. అంటే లోహం పరీక్ష చేసే ఇంట్ల పెరిగిండు. అదే ఊరి యూనివర్సిటీల చదివి 1929ల డాక్టరేట్ తీసుకున్నడు. నిమ్మగడ్డి నలిపితే, నీలగిరి ఆకు నలిపితే ఒక వాసన వస్తది గదా, మొక్కలల్ల ఉండే అసుంటి వాసన నూనెల రసాయనం మీద ఆయన చదువు సాగింది. 1934ల ఇంకో ఇద్దరితోని కలిసి మనిషి మూత్రం నుంచి ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం అనేదాన్ని వేరు చేసిండు. మొక్క పెరుగుడుకు అది ముఖ్యమైన హార్మోన్. నర్సరీలల్ల కొమ్మ నాటే ముందు వేర్లు జల్ది రావాలని ఒక మందుల ముంచుతరు చూడుండ్రి, అది ఈ జాతిదే.

1936ల అమెరికాల హార్వర్డ్‌కు పోయిండు. ఏడాది తర్వాత కాలిఫోర్నియాల పాసడీనా ఊర్ల ఉన్న క్యాల్టెక్‌ల చేరిండు. ఇగ బతుకంత అక్కడనే. అక్కడ తోటి సైంటిస్టులతోని కలిసి చిక్కుడు కాయల నుంచి గాయాన్ని మాన్పే పదార్థం ఒకటి తీసిండు. తర్వాత పైనాపిల్ మీద పడ్డడు. ఆ పండుకు ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తదో తెలుసుకోవాలె. పండు నుంచి లేచే ఆవిరిని మస్తు చల్లటి గొట్టాలల్ల పట్టి, గడ్డగట్టించి, ఒక్కొక్క చుక్కల ఏమేమి ఉందో విడదీసేటోడు. కంటికి కనవడనిదాన్ని గాలిల నుంచి పట్టుడు ఆయనకు చేతిల విద్య. ఈ సంగతి యాది పెట్టుకోండ్రి.

ఇప్పుడు జర పక్కనున్న లాస్ ఏంజెల్స్ కాడికి పోదాం. పాసడీనా దాని పక్కనే, కొండల అంచుకు ఉంటది.

1943 జులై 26. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఎండకాలం పగటిపూట లాస్ ఏంజెల్స్ నగరం మీద మసక కమ్ముకున్నది. మూడు వీధుల అవతల ఏముందో కనవడలె. కండ్లల నీళ్లు, గొంతుల మంట. జపాన్ విషవాయువు వదిలిందేమో అని జనం భయపడ్డరు. యుద్ధం కోసం రబ్బరు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పోయింది. దాన్ని కొన్ని దినాలు బంద్ పెట్టిచ్చిన్రు. మసక మాత్రం ఆగలె. ఆ ఏడాది, తర్వాతి ఏడాది, మళ్ల మళ్ల వచ్చింది.

ఆ ఊరి నిర్మాణమే అసుంటిది. ఒకదిక్కు సముద్రం, మిగతా దిక్కుల కొండలు. సముద్రం మీద నుంచి చల్లటి గాలి వచ్చి కింద ఉంటది, దాని మీద వేడి గాలి మూత తీరు కూసుంటది. కుండ మీద మూత పెట్టినట్టే. కింద ఏది వదిలినా పైకి పోదు, కొండలు దాటదు. పైన మంచిగ ఎండ కొడతది.

1947ల సర్కారు గాలి కాలుష్యం చూసుకునేతందుకు ఒక ప్రత్యేక ఆఫీసు పెట్టింది. అమెరికా మొత్తంల కౌంటీ స్థాయిల అసుంటిది అదే మొదటిది. ఆ ఆఫీసు పెద్దలకు గంధకం పొగ గురించి తెలుసు. అప్పటిదాక ప్రపంచంల పెద్ద పట్నాల పొగ అంటే బొగ్గు పొగ, గంధకం పొగనే. లండన్ పొగమంచు అదే జాతిది. 1952 డిసెంబర్‌ల లండన్‌ల కొద్ది దినాలల్లనే వేల మందిని అది చంపింది. గందుకే ఇక్కడ గూడ అదే దొంగ అనుకున్నరు. రిఫైనరీల మీద, చిమ్నీల మీద పడ్డరు. గంధకం తగ్గింది. కండ్ల మంట తగ్గలె.

అసలు సంగతి అప్పటికే చేన్లల్ల కనవడుతున్నది. 1944 నుంచి లాస్ ఏంజెల్స్ చుట్టుపక్కల కూరగాయ రైతుల తోటలల్ల ఆకులు పాడవుతున్నయి. ఆకుకూరల కిందిభాగం వెండి పూత పూసినట్టు, కంచు రంగు పట్టినట్టు అయితున్నది. అమ్మబోతే కొనేటోడు లేడు. రివర్‌సైడ్‌ల ఉన్న యూనివర్సిటీ మొక్కల సైంటిస్టులు వచ్చి చూసిన్రు. పురుగు కాదు, బూజు తెగులు కాదు. గంధకం పొగ తగిలితే ఆకు ఈనెల నడుమ తెల్లగ పాలిపోతది, ఆ గుర్తు వేరు. ఈ గుర్తు ఎన్నడు చూడనిది. అంటే గాలిల ఇంకేదో కొత్త విషం ఉన్నది. ఆఫీసులల్ల కూసున్నోళ్లు గంధకం అంటున్నప్పుడే, పాలకూర ఆకు కాదని సాక్ష్యం చెప్పింది.

1948 ప్రాంతంల హాగెన్‌స్మిట్ ఈ పనిలకు వచ్చిండు. పైనాపిల్ వాసన పట్టే గొట్టాలు ఎట్లాగు ఉన్నయి. అదే తీరుగ బయటి గాలిని వేల ఘనపుటడుగులు గుంజి, మస్తు చల్లటి గొట్టాల గుండ పోనిచ్చిండు. చివరికి మిగిలింది కొన్ని చుక్కలు. గోధుమ రంగు, ముక్కు పట్టని కంపు. దాన్ని పరీక్ష చేస్తే పెరాక్సైడ్ జాతి పదార్థాలు కనవడ్డయి. కార్బన్, హైడ్రోజన్ ఉన్న ఆవిర్లు ఆక్సిజన్‌తోని గట్టిగ కలిస్తే పుట్టే పదార్థాలు అవి. మొక్కల నూనెలు గాలి తగిలి ఎట్ల మారతయో ఏండ్ల సంది చూసినోడు గనుక ఆయనకు వెంటనే వెలిగింది. గంధకం పొగ చేసే పని దీనికి పూర్తిగ ఉల్టా. లండన్ పొగ, లాస్ ఏంజెల్స్ పొగ రెండూ వేర్వేరు రసాయనాలు.

ఇగ ప్రశ్న ఏందంటే, గాలిల పెట్రోల్ ఆవిరి ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని అంత గట్టిగ ఆక్సిజన్‌తోని కలిపేది ఏంది. ఆ గాలిల ఓజోన్ మస్తు ఉందని పరీక్షలల్ల తేలుతున్నది. కాని ఏ చిమ్నీ ఓజోన్ వదులుతలేదు, ఏ కారు వదులుతలేదు. మరి అది ఎక్కడ పుడుతున్నది?

గాజు సీసాలల్ల, గదులల్ల ఆయన పరీక్షలు చేసిండు. పెట్రోల్ ఆవిరి తీసుకున్నడు. ఇంజన్లల్ల నుంచి, కొలుముల నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ తీసుకున్నడు. రెండూ కలిపి ఎండల పెట్టిండు. ఓజోన్ పుట్టింది, కండ్లు మండినయి. గదిల పెట్టిన మొక్కల ఆకులు అచ్చం చేన్లల్ల పాడైనట్టే పాడైనయి. రివర్‌సైడ్ సైంటిస్టులతోని కలిసి ఐదు మొక్కలు పెట్టి చూసిన్రు. పాలకూర, ఎండైవ్ అనే ఒక ఆకుకూర, చక్కెర దుంప, ఓట్స్, పశువులకు వేసే లూసర్న్ గడ్డి. వేర్వేరు వాయువులు ఒక్కొక్కటి తగిలించి, ఏది తగిలితే ఏ మొక్క మీద ఏ గుర్తు వస్తదో సరిపోల్చి చూసిన్రు. రైతు చేన్ల ఉన్న మచ్చకు, సీసల పుట్టిన మచ్చకు లెక్క కుదిరింది.

రబ్బరు కథ నాకు ఇంకా దగ్గరిది. పదో తరగతి సెలవులల్ల నేను మా మండలంల ఒక పంక్చర్ దుకాణంల పనిచేసిన. పాత టైర్లు, మడిచిపెట్టిన ట్యూబులు చూసేటోణ్ణి. చదునుగ ఉన్నకాడ మంచిగనే ఉంటది, మడతవడ్డ కాడ, గుంజుకున్న కాడనే సన్న పగుళ్లు వస్తయి. పాతదయింది, అంతే అనేటోడు మా మేస్త్రి. నేనూ అంతే అనుకున్న. ఎండకు, వయసుకు గూడ రబ్బరు చెడుతది, అది నిజమే. కాని వంచిన రబ్బరుకు ఓజోన్ తగిలితే పగుళ్లు మస్తు జల్దిగ, అడ్డంగ వస్తయి. లాస్ ఏంజెల్స్‌ల టైర్లు వేరే ఊర్ల కంటే ముందే పగులుతున్నయని రబ్బరు పని తెలిసినోళ్లకు ఎరుకే. హాగెన్‌స్మిట్ ఆ పగులునే కొలతబద్దగ మార్చిండు. ఒకే తీరు రబ్బరు ముక్కలు తీసుకొని, వంచి కట్టి, గాలికి పెట్టి, మొదటి పగులు ఎన్ని నిమిషాలకు వస్తదో గడియారం పెట్టి చూసేది. పగులు ఎంత జల్ది వస్తే గాలిల ఓజోన్ అంత ఎక్కువ. పైసల ఖర్చు లేని మిషన్ అది. మా మేస్త్రి దుకాణంల అసుంటి మిషన్లు కుప్పలు కుప్పలు ఉండె, మాకు తెల్వలే.

లోపల జరిగే పని ఇది. ఇంజన్ల వేడికి గాలిలున్న నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అయితయి. అండ్ల నైట్రోజన్ డయాక్సైడ్ మీద ఎండ పడితే అది విరుగుతది, ఒక ఆక్సిజన్ పరమాణువు ఒంటిగ బయటపడతది. ఒంటిగున్నది ఊకుంటదా? పక్కనున్న మామూలు ఆక్సిజన్‌ను పట్టుకొని ఓజోన్ అయితది. విరగంగ మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ మళ్ల ఆ ఓజోన్‌ను తిని డయాక్సైడ్ అయితది. ఇంతవరకే అయితే ఎంత పుట్టిందో అంత పోతది, లెక్క సరి. కాని కాలని పెట్రోల్ ఆవిరి నడుమల దూరితే లెక్క తప్పుతది. ఆ ఆవిరి తునిగిన ముక్కలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ముందే డయాక్సైడ్‌గ మారుస్తయి. ఇగ ఓజోన్‌ను తినేటిది తక్కువయితది, అది పోగుపడుకుంట పోతది. పొద్దుగాల బండ్లు వదిలిన సరుకు మధ్యాహ్నం వరకు ఎండల ఉడికి ఓజోన్ అయితది. ఎండనే పొయ్యి. పైన ఆకాశంల ఓజోన్ మనకు గొడుగు. కింద ఊపిరిలకు వస్తే ఊపిరితిత్తులను, ఆకులను, రబ్బరును తింటది.

ఈ మెట్లన్ని ఆయన ఒక్కడే విప్పలేదు. నైట్రోజన్ డయాక్సైడ్ ఎండకు విరుగుడు నుంచి ఓజోన్ పుట్టే దారిని అదే ఊర్ల ఇంకో యూనివర్సిటీల ఫ్రాన్సిస్ బ్లేసెట్ అనే సైంటిస్టు 1952ల చూపిండు. కండ్ల మంటకు, ఆకు కింద వెండి పూతకు ఓజోన్ ఒక్కటే కారణం కాదని, పెరాక్సీ ఎసిటైల్ నైట్రేట్ అనే ఇంకో పదార్థం ఉందని 1950లల్లనే తర్వాత వేరేటోళ్లు కనిపెట్టిన్రు. 1961ల ఫిలిప్ లైటన్ అనే భౌతిక రసాయన శాస్త్రవేత్త ఈ ఎండ రసాయనం మొత్తం ఒక పుస్తకంల కూర్చిండు. దారి మాత్రం హాగెన్‌స్మిట్ వేసిండు. 1950ల తన సంగతి బయటపెట్టిండు, 1952ల పెద్ద వ్యాసం అచ్చేసిండు. దోషులు రిఫైనరీలు, కార్లు అని తేల్చిండు.

అప్పుడు మొదలైంది అసలు లొల్లి. నూనె కంపెనీల సంఘం పైసలు పెట్టి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరున్న సంస్థతోని సొంత పరిశోధన చేయించింది. ఆయన చెప్పింది తప్పని వాళ్ల వాదన. వాళ్ల మనిషి ఒకాయన క్యాల్టెక్‌కే వచ్చి ఉపన్యాసంల ఆయన పనిని కొట్టిపారేసిండు. హాగెన్‌స్మిట్ ఆ సభలనే ఉన్నడు. ఆయనకు కోపం మస్తు వచ్చిందని ఆయన జీవితం రాసినోళ్లు చెప్తరు. అప్పటిదాక ఆయనకు ఇది పక్క పని. మొక్కల రసాయనంల పెద్ద పేరున్నోడు, వాపస్ పైనాపిల్ కాడికి పోయి సుఖంగ ఉండొచ్చు. పోలేదు. ఇంతకుముందు చేసిన పనిని పక్కకు పెట్టి, ఇగ పొగనే పట్టుకున్నడు.

ఇక్కడ నేను శానాసేపు ఆగిన. నాకు గూడ ఆ ఆఫీసుల కోపం వచ్చింది గదా. నేను బయటికొచ్చి రోడ్డు మీద కూసొని మైకు పట్టిన. ఆయన లోపలికి పోయి గాజు సీసా పట్టిండు. మైకు తప్పని అంటలేను, మైకు లేకుంటే మనల నోరులేనోళ్లను ఎవ్వరు పట్టించుకోరు. కాని మైకు పట్టిన చేతిల ఇంకేదన్న ఉండాలె. ఎదుటోడు పైసలు పెట్టి పెద్ద పేరున్నోళ్లను తెచ్చుకుంటే, మళ్ల మళ్ల చేసి చూపెట్టే పరీక్ష ఒక్కటే వాళ్ల ముందట నిలవడ్డది. 1950లు సగం దాటేసరికి వేరే సంస్థలు గూడ పరీక్షలు చేసి ఆయన చెప్పిందే ఖాయమన్నయి.

రెండో లొల్లి జనంతోని. ఇది చెప్పుడు నాసోంటి ఉద్యమపోళ్లకు జర కష్టం. కంపెనీ చిమ్నీ దోషి అంటే అందరు చప్పట్లు కొడతరు. నీ ఇంటి ముందట నిలవడ్డ కారు గూడ దోషి అంటే? అప్పటికే ఆ ఊర్ల లక్షల కార్లు తిరుగుతున్నయి, అవి లేకుంటే ఊరు నడవదు. ఇంటి వెనుక చెత్త కాలవెట్టుకునే పొయ్యిలు గూడ లక్షల్లనే ఉండె. 1957ల వాటిని బంద్ పెట్టిన్రు, అప్పుడు గూడ ఇష్టం లేనోళ్లు మస్తుమంది. హాగెన్‌స్మిట్ సభలు తిరిగిండు, జనం ముందట సీసాలల్ల పొగ తయారుచేసి చూపెట్టిండు. ముక్కు కాడ పెట్టుకున్నోళ్లకు కండ్లల నీళ్లు వస్తే ఇగ వాదన ఏముంటది?

1960ల కార్ల పొగను చూసుకునే రాష్ట్ర బోర్డుల సభ్యుడైండు. 1968ల కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెడితే దానికి మొదటి ఛైర్మన్ ఆయననే. అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్. ఇంజన్ల నుంచి కారే ఆవిరిని మళ్ల లోపలికి పంపే ఏర్పాటు, పొగగొట్టంల నుంచి వచ్చేదానికి హద్దు, ఇట్ల ఒక్కొక్కటి వచ్చింది. కార్ల కంపెనీలు ఊకె ఇయ్యలె. పొగ తగ్గించే పరికరాలు రాకుంట కలిసి కట్టుగ ఆలస్యం చేసిన్రని అమెరికా కేంద్ర సర్కారు న్యాయశాఖనే 1969ల వాళ్ల మీద కేసు వేసింది. అది విచారణ దాక పోకుంట ఒప్పందంతోని ముగిసింది. 1975 మాడల్ నుంచి అమెరికా కార్లల్ల క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. పొగగొట్టం నడుమల డబ్బా తీరు ఉంటది, అండ్ల లోహాల పూత మీద విష వాయువులు మారిపోతయి.

తప్పులు జరగలేదా? జరిగినయి. ముందుగాల పెట్రోల్ ఆవిరి తగ్గించుడు మీదనే పడ్డరు. దాని కోసం ఇంజన్లల్ల చేసిన మార్పులతోని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగినయి. వాటికి హద్దు పెట్టేసరికి 1970లు వచ్చింది. ఒక రోగానికి మందేస్తే ఇంకోటి లేస్తదని మనకు తెల్వనిదా, చేన్ల ఒక పురుగును చంపితే ఇంకోటి వచ్చినట్టే. 1973ల బోర్డు ఛైర్మన్ కుర్చీ నుంచి దిగిండు. అదే ఏడాదికి అమెరికా దేశపు పెద్ద సైన్సు పతకం, నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, ఆయనకు ఇచ్చిన్రు. 1977ల ఎల్ మాంటే ఊర్ల బోర్డు ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టిన్రు. కొద్ది వారాలకే, మార్చి 17న, పాసడీనాల చచ్చిపోయిండు. ఊపిరితిత్తుల క్యాన్సర్.

ఇప్పుడు మన కాడికి వద్దాం. మన దేశంల క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కొత్త కార్లు, సీసం లేని పెట్రోల్ 1995ల నాలుగు పెద్ద నగరాలల్ల ముందు వచ్చినయి. హైదరాబాద్ ఆ నాలుగుల లేదు. 2000ల దేశమంత సీసం లేని పెట్రోల్ అయింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు బీఎస్ 6 వచ్చింది. మీ బైక్ కాగితాల మీద గూడ రాసి ఉంటది చూడుండ్రి. లాస్ ఏంజెల్స్ ఆకుకూర రైతు మచ్చ నుంచి మీ బైక్ పొగగొట్టం దాక ఒకటే తొవ్వ.

ఓజోన్‌కు మన దేశంల గూడ హద్దు ఉన్నది. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటర్ గాలిల 100 మైక్రోగ్రాములు, ఒక గంటకు 180. 2009ల కేంద్రం పెట్టిన హద్దు ఇది. కాని కొలిచే మిషన్లు ఎక్కువ పట్నాలల్లనే ఉన్నయి. ఓజోన్ గుణమేమో ఉల్టా. బండ్లు గిజగిజలాడే చౌరస్తల కొత్తగ వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని తింటది, అక్కడ తక్కువ కనవడొచ్చు. గాలి పట్నం దాటి ఊర్ల దిక్కు పోయేసరికి అది తయారై, తినేటిది లేక నిలుస్తది. అంటే పొగ పట్నందైనా, పంట మనది. గోధుమకు, సోయాకు ఓజోన్ దెబ్బ ఎక్కువ తగులుతదని ప్రపంచమంత పరీక్షలల్ల తేలింది. పొగాకు ఆకు మీద వచ్చే ఒక తీరు చుక్కలు తెగులు కాదు, ఓజోన్ దెబ్బనే అని అమెరికాల 1959లనే చూపెట్టిన్రు. మచ్చ పడకుంట గూడ దిగుబడి తగ్గొచ్చు.

ఒక్కటి గట్టిగ చెప్తున్న. ఆకు మీద ప్రతి మచ్చ గాలి మచ్చ కాదు. తామర పురుగు, పచ్చదోమ, జింకు లోపం, మందు ఎక్కువైనా మచ్చలు వస్తయి. ఫోటో తీసి కంపెనీ చంపుతున్నదని వాట్సాప్‌ల పెడితే రేపు అది తెగులని తేలుతది, ఎల్లుండి నిజం చెప్పినా ఎవ్వరు నమ్మరు. నా అనుభవంతోని చెప్తున్న. రివర్‌సైడ్ సైంటిస్టులు ముందుగాల పురుగు కాదని, బూజు కాదని తేల్చుకున్నరు, ఆ తర్వాతనే గాలి మీద వేలు పెట్టిన్రు.

మీ చేతిల ఫోన్ ఉన్నది. కెమెరా, గడియారం, మ్యాపు అన్ని అండ్లనే ఉన్నయి. దగ్గరి స్టేషన్ల గాలి లెక్కలు కేంద్ర కాలుష్య మండలి సమీర్ యాప్‌ల కనవడతయి, అండ్ల ఓజోన్ గూడ ఉంటది. ఊర్ల వాసన వస్తే తారీఖు, టైం, గాలి దిక్కు రాయండ్రి. ఒకే చెట్టు, ఒకే కొమ్మ, ఆకు పైభాగం, కిందిభాగం, వారం వారం ఫోటో తీయండ్రి. గాలి వచ్చే దిక్కు చేను, పోయే దిక్కు చేను రెండూ చూడండ్రి. వాసన లేని దినం గూడ రాయాలె. లేని దినం రాయకుంటే ఉన్న దినానికి విలువ ఉండదు. వ్యవసాయాధికారికి చూపెట్టి తెగులు అవునో కాదో ఆయనతోని రాయించుకోండ్రి.

మొన్న గా ఊరికి మళ్ల పోయిన. అప్పుడు నా ఎంబడి అర్జీ పట్టుకొని వచ్చిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనుమరాలు డిగ్రీ చదువుతున్నది. వాసన ఇంకా అప్పుడప్పుడు వస్తదని చెప్పింది. ఎప్పుడెప్పుడు బిడ్డా అని అడిగిన. లోపలికి పోయి రూళ్ల నోటుబుక్కు తెచ్చింది. నాలుగు నెలల లెక్క ఉన్నది, వాసన రాని రాత్రులతోని సహా. నేను అరుగు మీద కూసొని మొదటి పేజీ నుంచి చదివిన.